తర్వాతి చుట్టు వచ్చేలోపు

"కాలర్ దగ్గర మడత అలాగే ఉంది చూడు," అన్నాడు భర్త. తెల్లకోటుని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు, చచ్చిన ఎలుకని తోక పట్టుకుని చూపించినట్టు.

అతని భార్య దూది కోటు అందుకుని మళ్ళీ బల్ల మీద పరిచింది. ఇస్త్రీపెట్టె ఎడమచేత్తో పట్టుకుంది. అలవాటు లేని చెయ్యి కావడంతో పెట్టె అటూ ఇటూ పోతోంది. ఒక మడత విప్పుతుంటే పక్కన ఇంకోటి పడుతోంది. కుడిచెయ్యి నిన్న భోజనాల దగ్గర్నుంచీ మాట వినడం లేదు. మణికట్టు లోపల ఎవరో వేడి ఊచ దూర్చి మరిచిపోయినట్టుంది. పైకి చూస్తే వాపు లేదు, కమిలిన మచ్చ లేదు. ఉండదు కూడా. అదే అతని పనితనం.

అతను నొప్పుల డాక్టరు. ఫిజియోథెరపిస్టు అని బోర్డు మీద ఉంటుంది గానీ వీధిలో అందరూ నొప్పుల డాక్టరనే అంటారు. ఇంటి ముందుగదే క్లినిక్కు. పట్టేసిన మెడలూ, లేవని భుజాలూ, వంగని మోకాళ్ళూ అతని చేతికింద దారికొస్తాయి. "బంగారంలాంటి చెయ్యమ్మా మీ ఆయనది, అదృష్టవంతురాలివి" అని దూదిని బజార్లో ఆపి మరీ చెప్తారు. ఎక్కడ నొక్కితే నొప్పి పోతుందో తెలిసినవాడికి ఎక్కడ నొక్కితే వస్తుందో తెలియకుండా ఉంటుందా? నిన్న ఆమె ఇంటికి ఆలస్యంగా వచ్చింది. కూర వేడి చేసేసరికి ఇంకాస్త ఆలస్యమైంది. అతను అరవలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, మణికట్టు లోపలివైపు బొటనవేలు ఆనించాడు. "ఇక్కడ నొక్కితే ఎముకకేం కాదు. నరం ఒక్కటే ఏడుస్తుంది. నా స్టూడెంట్లకి మొదటి వారమే చెప్తాను" అన్నాడు. చెప్పి, నొక్కాడు. ఆమె కళ్ళముందు గది తెల్లబడిపోయేదాకా నొక్కాడు. ఎదురుగా కూర్చుని తింటున్న అత్తయ్య కంచం పట్టుకుని లేచి, వంటింట్లోకి వెళ్ళి, కుళాయి పూర్తిగా తిప్పింది. నీళ్ళు ధారగా పడుతుంటే లోపలివాళ్ళకి ఏమీ వినిపించదు.

వినిపించడానికి ఆమె అరిస్తే కదా. దూది అనేది నాన్న పెట్టిన ముద్దుపేరు. మెట్ల మీంచి దొర్లిపడినా కిక్కురుమనేది కాదట. "మా పిల్ల దూదండీ, కిందపడినా చప్పుడు చెయ్యదు" అని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. పెళ్ళిమాటలప్పుడు ఆ కథ విని కాబోయే అల్లుడు ఎంతో ముచ్చటపడ్డాడు. ఎందుకు ముచ్చటపడ్డాడో అప్పుడెవరికీ తట్టలేదు.

ఇస్త్రీ అయిన కోటు తగిలించి, చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే అత్తయ్య గుమ్మం దాకా వచ్చింది. మొహం చూడదు. మెడకింద ఎక్కడో చూస్తూ మాట్లాడుతుంది.

"వేళకి ఇంత వండి పెట్టేస్తే ఏ గొడవా ఉండదు కదమ్మాయ్. వాడికి ఆకలేస్తే ఒళ్ళు తెలీదు, చిన్నప్పట్నుంచీ అంతే."

"నిన్న శాటిలైట్ దొరకలేదత్తయ్యా. వెతకాల్సొచ్చింది."

"అది పోతే పోయింది. ఆకాశంలోదేగా," అంది అత్తయ్య.

ఆ ఉద్యోగం గురించి ఇంట్లో ఉన్న అభిప్రాయం అదే. చుట్టాలొచ్చినప్పుడు భర్త నవ్విస్తూ చెప్తాడు: "పైన అది తిరుగుతుంది, కింద డిష్ తిరుగుతుంది, మధ్యలో ఈవిడ కుర్చీలో తిరుగుతుంది. దానికి జీతం!" అందరూ నవ్వుతారు. ఆ జీతం నెల మొదట్లోనే అతని ఖాతాలోకి వెళ్ళిపోతుందన్న సంగతి మాత్రం ఆ నవ్వులో కలవదు. తెల్లారకముందే లేచి మూడు పూటలకి సరిపడా వండడం, అత్తయ్య మాత్రలు పూటకిన్నని డబ్బాలో సర్దడం, క్లినిక్కు తువ్వాళ్ళు ఉతకడం, పేషెంట్లకి టీ కాయడం, ఇవన్నీ చేసి ఆమె డ్యూటీకి వస్తుంది. వీటిని ఆ ఇంట్లో ఎవరూ పనని అనరు. ఒక్కరోజు చెయ్యకపోతే మాత్రం, "ఏం, ఇవాళ పని ఎగ్గొట్టావా?" అని అడుగుతారు.

ఊరి చివర, కంచె లోపల, మూడంతస్తుల ఎత్తున తెల్లటి డిష్. దాని పక్కన పొడుగాటి గది, గదినిండా తెరలు. ఆమె చూసే శాటిలైట్ పెద్దదేమీ కాదు, ఒక బట్టల బీరువా అంత. ఫోను టవర్లు లేనిచోట ఉండేవాళ్ళ మాటలు మోయడం దాని పని. సముద్రంలో చేపల పడవలు, ఎడారిలో తవ్వకాల క్యాంపులు, కొండల్లో సర్వేవాళ్ళు చేతిలో పట్టేంత పరికరంలో నాలుగు ముక్కలు కొడతారు. శాటిలైట్ నెత్తిమీదకి వచ్చినప్పుడు ఆ ముక్కల్ని పైకి లాక్కుంటుంది. భూమికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఒకచోట నిలబడలేదు. గంటన్నరకొకసారి భూమిని చుట్టేస్తూ పరిగెడుతుంది. డిష్ ముందుకి వచ్చిన ఆ కొద్ది నిమిషాల్లోనే మోసుకొచ్చినవన్నీ కింద పడేసి, ఇక్కడివి పైకెత్తుకుని, అవతలి అంచున దిగిపోతుంది. మళ్ళీ వచ్చేదాకా దానితో ఎవరూ ఏమీ మాట్లాడలేరు. అలా ఒక పూటకి రెండు మూడు చుట్లు అందుతాయి, అంతే. ఈలోపు భూమి పక్కకి తిరిగిపోతుంది.

మామూలు రోజుల్లో అది ఏ క్షణంలో ఎక్కడ పైకి లేస్తుందో లెక్క ముందే ఉంటుంది. డిష్ ఆ లెక్కని పట్టుకుని తిరుగుతుంది. కానీ రెండ్రోజుల క్రితం సూర్యుడి మీద తుఫాను లేచింది. అలాంటప్పుడు పైనున్న పల్చటి గాలి వేడెక్కి ఉబ్బుతుంది. ఆ గాలి రాసుకుని శాటిలైట్ కొంచెం కిందికి జారుతుంది. జారితే చుట్టు చిన్నదవుతుంది, ఇంకా వడిగా తిరుగుతుంది. లెక్క చెప్పిన వేళకంటే ముందే వచ్చి, డిష్ అటు చూసేసరికి దాటిపోతుంది. నిన్న జరిగింది అదే. కొత్త లెక్క ఇంకా రాలేదు. ఇవాళ దూదే డిష్‌ని చేత్తో నడపాలి. లెక్కకంటే ముందుకి జరిపి, ఖాళీ ఆకాశంలో కాచుకుని, గుసగుసలాంటి ఆ సిగ్నల్ తగలగానే వెంట పడాలి.

మొదటి చుట్టు దొరికింది. తెర మీద సన్నటి గీత లేచి నిలబడగానే సూపర్‌వైజర్ "శభాష్ అమ్మాయ్" అన్నాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, నడుముకి ఎప్పుడూ పట్టీ. ఆ నడుముని నిలబెట్టింది దూది భర్తే.

మెసేజీలు వరసగా దిగాయి. చేపల లెక్కలు, డీజిల్ కావాలన్న కబుర్లు, కొడుకు పరీక్ష పాసయ్యాడా అని అడిగిన ఒక తండ్రి. మధ్యలో ఒకటి ఎర్రగా వెలిగింది. ఆపద బటన్ నొక్కి పంపింది. అలాంటివి మాత్రమే డ్యూటీలో ఉన్నవాళ్ళు తెరిచి చదవాలి.

"నేను వంటమనిషిని. క్యాంపులో ఆడదాన్ని ఒక్కదాన్నే. మిగతావాళ్ళంతా తవ్వుతున్న బావి దగ్గరికి వెళ్ళారు. క్యాంపు పెద్ద తాగి వచ్చి నా గది తలుపు విరగ్గొట్టాడు. జుట్టు పట్టి ఈడ్చాడు. కొరికి పారిపోయాను. బియ్యం కంటైనర్లో లోపల గడియ పెట్టుకున్నాను. ఎవరైనా ఉన్నారా."

దూది మెసేజీ పంపిన సమయం చూసింది. శాటిలైట్ ముందు ఈ కేంద్రం మీదుగా వచ్చి, ఇక్కణ్ణుంచి క్యాంపు వైపు పోతుంది. అంటే ఇది పోయిన చుట్టులో ఎక్కిన మాట. భూమంతా తిరిగి వచ్చింది. గంటన్నర పాతది. ఎవరైనా ఉన్నారా అని ఆ మనిషి గంటన్నర క్రితం అడిగింది. అప్పుడు దూది ఇంట్లో కోటు కాలర్ ఇస్త్రీ చేస్తోంది.

సూపర్‌వైజర్ ఆ పరికరం వివరాలు తెరిచాడు. "ఆపద వస్తే ఎవరికి కబురు చెయ్యాలో ఇందులో ఉంటుంది కదా... ఆఁ. క్యాంపు మేనేజర్." ఆ కబురుని పంపాల్సిన వరసలో పెట్టేశాడు. ఈలోపే శాటిలైట్ దిగిపోయింది. కబురు ఇక తర్వాతి చుట్టులోనే పైకెక్కుతుంది.

"సార్, క్యాంపు మేనేజరంటే క్యాంపు పెద్దే కదా," అంది దూది.

"అయితే?"

"ఆవిడ ఎక్కడ దాక్కుందో వాడికే చెప్తున్నాం సార్."

సూపర్‌వైజర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. జీవితంలో ఒక్క రూలూ తప్పకుండా ఇంతదాకా వచ్చినవాడు. ఆ కంపెనీకి ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేసి, "అతను చాలా పాత మనిషట. నమ్మకస్తుడట. వంటావిడే ఏదో తగాదా పెట్టుకుని ఉంటుందంటున్నారు. పంపమనే చెప్పారు. మనం మెసేజీలు మోసేవాళ్ళం అమ్మాయ్, తగువులు తీర్చేవాళ్ళం కాదు" అన్నాడు.

దూదే ఆ ప్రాంతం పోలీసుల నంబరు వెతికి పట్టుకుంది. ఫోన్ ఎత్తినవాడు అంతా విని, "అతను ఆవిడకేమవుతాడు? మొగుడా?" అని అడిగాడు.

"ఏమీ కాడు."

"మొగుడైతే ఇంటి గొడవలే అనుకోవచ్చు, అందుకని అడిగాను. అక్కడికి జీపులో వెళ్ళాలంటే గంట పైనే పడుతుంది."

ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ గొంతు, తనదని తనకే అనిపించలేదు. "శాటిలైట్ కేంద్రం నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఫోన్ రికార్డవుతోంది. జీపు బయల్దేరకపోతే, ఆవిడ చచ్చిపోతే, మీరిప్పుడు నాతో అన్న ఈ ముక్కే మీ పైవాళ్ళకి వినిపిస్తాను. మీ పేరు చెప్పండి."

ఫోన్ ఏమీ రికార్డవడం లేదు. అతను పేరు చెప్పాడు. బయల్దేరుతున్నామన్నాడు.

బల్లమీద ఆమె సొంత ఫోన్ మోగింది. భర్త. ఆమె తీయలేదు. మళ్ళీ మోగింది. తిరగేసి పెట్టింది. అది బల్లని కొరుకుతున్నట్టు గుర్రుమంటూనే ఉంది. పెళ్ళయ్యాక అతని ఫోన్ ఎత్తకపోవడం అదే మొదటిసారి. ఎత్తితే ఏం చెప్పాలి? నాకు తెలియని ఒక మనిషి బియ్యం బస్తాల మధ్య కూర్చుని ఉంది, నేను లేస్తే ఆవిడకి ఎవరూ లేరు అని చెప్పాలా? ఆవిడ నీకేమవుతుంది అని అడుగుతాడు. నిజమే, ఏమవుతుంది? దూది ఆ ప్రశ్నని తనలో తిప్పి తిప్పి చూసుకుంది. మొగుడేమో అని పోలీసు అడిగాడు, మొగుడైతే ఫరవాలేదన్నట్టు. తను ఏ కంటైనర్లో దాక్కోవాలి? లోపల గడియ ఉన్న గది ఆ ఇంట్లో ఏదీ లేదు. స్నానాలగది గడియ మొదటి ఏడాదే ఊడదీశాడు, "జారిపడితే ఎలా, నీ మంచికే" అంటూ. నరం ఏడిస్తే ఎవరికి వినిపిస్తుంది? ఆపద బటన్ తన చేతికిచ్చినా, ఎవరికి కబురు చెయ్యాలి అన్నచోట ఎవరి పేరు ఉంటుంది? ఆసుపత్రిలో, బ్యాంకులో, ఆఫీసు కాగితాల్లో, అన్నిచోట్లా ఉన్న పేరే. భర్త పేరే. ఆ ఆలోచన వచ్చిన చోట ఆమె ఆగిపోయింది. కాసేపు ఊపిరి కూడా చప్పుడు లేకుండానే పీల్చింది.

రెండో చుట్టు దగ్గరపడింది. ఆమె డిష్‌ని ముందుకి తిప్పి ఆకాశం అంచున నిలబెట్టింది. వరసలో ఉన్న సూపర్‌వైజర్ కబురు తీసేసి దాని చోట ఇంకోటి రాసింది: "నేనున్నాను. పోలీసులు బయల్దేరారు. ఎవరు పిలిచినా తలుపు తీయకు. ఈ మాట ఇంకెవరికీ పంపలేదు."

"అమ్మాయ్, ఏం చేస్తున్నావు? ఉద్యోగం పోతుంది," అన్నాడు సూపర్‌వైజర్ వెనకనుంచి.

"పోనివ్వండి."

అప్పుడే తలుపు దగ్గర నవ్వు వినిపించింది. కాపలా మనిషి దారి చూపిస్తున్నాడు, తన మెడనొప్పి తగ్గిందని చెప్పుకుంటూ. తెల్లకోటులో భర్త.

"రండి రండి డాక్టరుగారూ," అన్నాడు సూపర్‌వైజర్.

"ఈవిడ ఫోనెత్తదు కదండీ. మా అమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది. తీసుకెళ్దామని వచ్చాను." మాటలు సూపర్‌వైజర్‌తో, చెయ్యి దూది భుజం మీద. చూసేవాళ్ళకి భార్య భుజం ప్రేమగా పట్టుకున్నట్టే ఉంటుంది. కంఠం పక్కన, ఎముక వెనక గుంటలో, బొటనవేలు దిగింది. "పద," అన్నాడు మెత్తగా.

నొప్పి మెడమీంచి దవడ దాకా పాకింది. కుడిచెయ్యి మొద్దుబారింది. తెర మీద ఏమీ లేదు, ఉత్త రొద. అది వచ్చేస్తుంది. ఎప్పుడో తెలియదు, ముందే వచ్చేస్తుంది.

"ఇప్పుడు కాదు," అంది దూది.

"పదమన్నానా." వేలు ఇంకాస్త లోపలికి వెళ్ళింది.

రొదలోంచి గీత లేచింది.

ఆమె ఎడమచేత్తో డిష్‌ని దాని వెంట తిప్పింది. కుడిచేత్తో పట్టి ఉంచాలి, ఆ చెయ్యి రావడం లేదు. గీత వణికింది, పల్చబడింది, జారిపోబోయింది. అతను నవ్వుతూనే ఉన్నాడు. మరో చెయ్యి బల్ల అంచున ఆనించి ఆమె మీదకి వంగి, చెవిలో, "ఇంటికెళ్ళాక చెప్తాను నీ సంగతి" అన్నాడు.

బల్లమీద ఆమె స్టీలు నీళ్ళసీసా ఉంది. నిండుగా ఉంది. దాన్ని ఎడమచేత్తో అందుకుని, బల్ల అంచున ఉన్న ఆ చేతి మీద కొట్టింది. ఒక్కసారి కాదు. మొదటి దెబ్బకి అతను ఏం జరిగిందో అర్థంకాక చూశాడు. రెండో దెబ్బకి ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. మూడోది ఎందుకు కొట్టిందో ఆమెకి తెలుసు. కొట్టాలనిపించి కొట్టింది.

అతను అరిచాడు. చెయ్యి పొట్టకి అదుముకుని, మోకాళ్ళ మీద కూలబడి, గదంతా వినేలా అరిచాడు. "చంపేస్తానే! ముండా, ఇంటికి రా, ముక్కలు ముక్కలుగా నరికి పాతేస్తాను!" పేరున్న డాక్టరుగారి నోటివెంట ఆ మాట ఆ ఊళ్ళో మరొకరు వినడం అదే మొదలు. కాపలా మనిషి చెయ్యి తన మెడమీదకి దానంతటదే వెళ్ళింది.

దూది సీసా వదిలేసింది. గీతని మళ్ళీ పట్టుకుంది. రాసిన మాట పైకెక్కింది. పైనుంచి ఇంకో ఎర్ర మెసేజీ దిగింది: "గొడ్డలితో కొడుతున్నాడు. రేకు చీలుతోంది. ఉన్నారా."

శాటిలైట్ క్యాంపు వైపు పరిగెత్తి దిగిపోయింది.

వెనక్కి తిరిగేసరికి భర్తని కాపలా మనిషి బయటికి నడిపిస్తున్నాడు. సూపర్‌వైజర్ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "బంగారంలాంటి చెయ్యి విరగ్గొట్టేశావు కదమ్మా," అన్నాడు.

దూది చొక్కా కాలర్ పక్కకి లాగి చూపించింది. ఇవాళ తొందరలో అతను పనితనం మరిచిపోయాడు. కంఠం పక్కన బొటనవేలంత నల్లటి గుంట, అంచుల్లో గోరు దిగి నెత్తురు. సూపర్‌వైజర్ చూశాడు. కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుని, "తర్వాతి చుట్టుకి కుడిచేతి పని నేను చూస్తాను. నువ్వు చెప్పు, ఎటు తిప్పాలో" అన్నాడు.

ఆ గంటన్నర ఎలా గడిచిందో దూదికి తర్వాత ఎప్పుడూ సరిగ్గా గుర్తురాలేదు. నీళ్ళు తాగింది. భయం వేసింది, దానికిందే, సిగ్గులేకుండా, ఒక తేలికదనం. మనిషి ఎముక విరిగిన చప్పుడు చెవిలో ఉండగా తేలిగ్గా ఉండటం తప్పు కదా అనుకుంది. తప్పే అయితే కానీ అని కూడా అనుకుంది. ఇన్నేళ్ళూ ఆ చెయ్యి ఎక్కడుందో, ఏ గదిలో ఉందో, ఏ మూడ్‌లో ఉందో కనిపెట్టుకుంటూ బతికింది. అది తలుపు తీసే తీరుని బట్టి ఆ పూట ఎలా గడుస్తుందో లెక్క కట్టింది. ఎంత బుర్ర, ఎంత ఓపిక ఆ లెక్కలో పోయాయో! ఇవాళ ఆ చెయ్యి ఆసుపత్రిలో ఉంది.

మూడో చుట్టు అంచున, నేలకి తగులుతున్నట్టు వెళ్ళింది. ఇద్దరూ కలిసి తిప్పారు. గీత తెగుతూ, కలుస్తూ, తెగుతూ ఒకే ఒక్క మెసేజీ దింపింది.

"మీ మాట అందింది. చీలికలోంచి కత్తితో పొడిచాడు. అడ్డం పెట్టిన చేతికి రెండు వేళ్ళు పోయాయి. తలుపు తీయలేదు. జీపు చప్పుడు వినిపిస్తోంది."

మధ్యాహ్నం పోలీసు అతనే ఫోన్ చేశాడు. క్యాంపు పెద్దని కంటైనర్ ముందే పట్టుకున్నారు. గొడ్డలి ఇంకా చేతిలోనే ఉంది. వంటమనిషి బతికింది. పోలీసులు పిలిచినా ముందు తలుపు తీయలేదట, శాటిలైట్ నుంచి చెప్తేనే తీస్తానందట. "చాలాసేపు బతిమాలాల్సొచ్చిందండీ" అన్నాడు, కొంచెం నొచ్చుకుంటూ. దూదికి నవ్వొచ్చింది. నవ్వు మొదలయ్యాక ఏడుపు కూడా వచ్చింది. గొంతెత్తి ఏడ్చింది. సూపర్‌వైజర్ తెరల వైపు తిరిగి కూర్చున్నాడు.

అప్పుడు ఫోన్ మోగింది. పక్కింటివాళ్ళ నంబరు. అత్తయ్య.

"వాడు ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు," అంది. "చెయ్యి విరిగిందట. ఏ చెయ్యి?"

"కుడి."

"ఇంటికి రాకు," అంది అత్తయ్య. "కట్టు కట్టించుకుని సాయంత్రానికి వచ్చేస్తాడు. నీ బట్టలూ సర్టిఫికెట్లూ నేను తెస్తాను. మీ ఆఫీసు ముందు బస్సాగే చోట ఉండు."

ఎండ నడినెత్తిన ఉంది. బస్సులోంచి అత్తయ్య ఒక్కో మెట్టూ పట్టుకుని దిగింది. ఎడమచెయ్యి పక్కటెముకల మీద అదిమిపెట్టుకుంది. పెదవి చీలి, ఎండిన నెత్తురు గడ్డం దాకా ఉంది. కాళ్ళ దగ్గర రెండు సంచులు పెట్టింది.

"కళ్ళు తిరిగి పడ్డారా?" అని అడిగింది దూది.

"నువ్వు ఫోనెత్తలేదు," అంది అత్తయ్య. "నేను దగ్గర్లో ఉన్నాను."

ఇద్దరూ బస్సు గూడు కింద బెంచీ మీద కూర్చున్నారు. అత్తయ్య మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. చూసి, తలదించుకోకుండానే చెప్పింది.

"నువ్వు రాకముందు వాడికి నేనొక్కదాన్నే ఉండేదాన్ని. వాళ్ళ నాన్న పోయాక మొదలుపెట్టాడు. ఎవరికి చెప్పుకోను, కన్నకొడుకు. పెళ్ళి చేస్తే నామీద చెయ్యి ఆగుతుందని చేశాను. చప్పుడు చెయ్యని పిల్ల అని మీ నాన్న చెప్తే, అలాంటి పిల్లయితే నిలబడుతుందని నేనే ఖాయం చేశాను. ఆగింది. నువ్వొచ్చిన రోజు నుంచి ఇవాళ పొద్దుటిదాకా ఆగింది."

బస్సు రేపిన దుమ్ము మెల్లగా కిందికి దిగుతోంది. నిన్నటిదాకా ఈమె తనకి సాయం రాని మనిషి, అంతే. ఇప్పుడు తెలిసింది, తనని తెచ్చి అడ్డం పెట్టుకున్న మనిషి. లేచి ఈ ముసలామెని కూడా కొట్టాలనిపించింది. నిజంగానే అనిపించింది. పనిచేసే చెయ్యి ఒకటి ఇంకా ఉంది కదా తనకి. ఆ చీలిన పెదవి చూసింది. పక్కటెముకల మీద అదిమిన చెయ్యి చూసింది. ఆ చెయ్యి కింద ఎముక విరిగే ఉంటుంది, చప్పుడు లేకుండా.

"రెండు సంచులెందుకు?" అని అడిగింది చివరికి.

"ఒకటి నీది," అంది అత్తయ్య. "రెండోది నాది. నువ్వు రమ్మంటేనే. వద్దంటే తిరుగు బస్సులో వెనక్కి వెళ్ళిపోతాను."

దూరంగా రోడ్డు మలుపులో పెద్దాసుపత్రి వైపు వెళ్ళే బస్సు కనిపించింది. ఆ ఆసుపత్రి పక్కనే పోలీస్ స్టేషన్. దూది లేచి తన సంచి భుజాన వేసుకుంది. అత్తయ్య అలవాటుకొద్దీ రెండో సంచి కూడా ఆమె వైపు జరిపింది. ఇంట్లో బరువులన్నీ ఇన్నేళ్ళూ అటే జరిగేవి.

దూది దాన్ని ముట్టుకోలేదు.

"మీ సంచి మీరే మోసుకోవాలి అత్తయ్యా," అంది. "రండి."